అమ్మమ్మ ఫ్రిజ్ మళ్లీ చల్లబడింది

1974 నాటిది. ప్లగ్ పెడితే కాసేపు మూలిగి, టిక్కుమని ఆగిపోయేది. మెకానిక్ ఒక్క చూపు చూసి "కంప్రెసర్ పోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేయండి సార్" అన్నాడు. నాకు మనసొప్పలేదు.

మల్టీమీటర్‌తో కంప్రెసర్ మీది మూడు పిన్నుల మధ్యా రెసిస్టెన్స్ కొలిచాను. 4 ఓమ్‌లు, 12, 16. చిన్నవి రెండూ కలిపితే పెద్దది రావాలి, వచ్చింది. బాడీకి షార్ట్ కూడా లేదు. అంటే లోపలి మోటారు తీగచుట్ట (వైండింగ్) భేషుగ్గా ఉంది! పక్కనే ఉన్న రిలే (మోటారును స్టార్ట్ చేసే స్విచ్చు) విప్పితే కాంటాక్టులు బొగ్గులా మాడి ఉన్నాయి. మార్చాను. గ్యాస్ లీకవలేదు, అదే అదృష్టం. అందులో ఉండేది ఆర్-12 అనే గ్యాస్, ఓజోన్ పొరకు చేటని దాని వాడకం ఎప్పుడో ఆపేశారు.

తలుపు రబ్బరు మాత్రం గట్టిపడింది. పది రూపాయల నోటు పెట్టి మూస్తే జారిపోతోంది. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టాను, కొంత నయం.

రాత్రి పదకొండుకి అమ్మ తలుపు తీసి, చల్లదనం సంగతి వదిలేసి, లోపల బల్బు వెలుగుతోందా అని చూసింది.