మల్లి ఆపరేషన్ తర్వాత 16 వారాలు: నా నోటుపుస్తకం నుంచి

మల్లి మా ఇంటి నాటు కుక్క, తొమ్మిదేళ్లది. పొట్ట కింద ఎడమవైపు నాలుగో చన్ను పక్కన చింతగింజంత గడ్డ చేతికి తగలడంతో ఈ లెక్క మొదలైంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఆరో ఏట చేయించాం. మొదటిసారి ఎదకు రాకముందే చేయించి ఉంటే ఇలాంటి గడ్డలు వచ్చే అవకాశం చాలా తక్కువట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి 12 రోజులు: గడ్డతో పాటు రెండు చన్నులు తీసేసిన ఆపరేషన్, జానెడు కోత. కుట్లు నాకకుండా మెడకు కట్టిన కోన్ (గరాటు లాంటి అట్ట) అంచు నేలకు తగిలి మల్లి నీళ్లు తాగలేకపోయింది. చిన్న గిన్నెను పీట మీద పెట్టాను, కోన్ గిన్నె చుట్టూ దిగింది, తాగింది. కుట్లు గోకకుండా రాత్రిపూట పాత నూలు బనియను తొడిగాను. ఐదో రోజు కోత కింది కొసన మెత్తగా వాపు వచ్చింది. లోపల నీరు చేరిందని, దానంతటదే ఇంకిపోతుందని, ఎరుపు, వేడి, చీము కనిపిస్తే మాత్రం వెంటనే రమ్మని డాక్టరు గారు చెప్పారు. వారంలో తగ్గింది. నొప్పి మాత్ర ఆయన రాసిందే, అదీ అన్నం పెట్టాకే వేశాను. మనం వాడే ఐబూప్రొఫెన్, పారాసిటమాల్ కుక్కలకు సొంతంగా వేయకండి, ప్రాణం మీదకు వస్తుంది.

బయాప్సీ (తీసిన గడ్డను ల్యాబులో చూసే పరీక్ష): క్యాన్సరే. కానీ గడ్డ 2 సెంటీమీటర్లే, అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవు, గజ్జల్లోని లింఫ్ గ్రంథికి పాకలేదు. 3 సెంటీమీటర్ల లోపు ఉండి, గ్రంథులకు పాకకపోతే బాగా బతికే అవకాశం ఎక్కువ అన్నారు. కీమో అవసరం పడలేదు. మిగిలిన చన్నుల్లో కొత్త గడ్డలు రావచ్చు కాబట్టి కాపలా మాత్రం మనదే.

అందుకే ప్రతి ఆదివారం దాన్ని చాప మీద పడుకోబెట్టి, చంక నుంచి గజ్జ వరకు ఒక్కో చన్నునూ బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నొక్కి చూస్తాను. పుస్తకంలో చన్నుకొకటి చొప్పున పది సున్నాలు గీసుకున్నాను, తీసేసిన రెండింటినీ కొట్టేశాను. ఆరో వారం కుడివైపు కందిగింజంత గట్టిగా తగిలితే చేతులు వణికాయి. సూదితో తీసి స్లయిడు మీద చూసి కొవ్వు గడ్డ అన్నారు. అయినా ఆ సున్నా పక్కన తేదీ వేసి వారం వారం కొలుస్తున్నాను.

నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పాటు లెక్కిస్తాను. మల్లికి 18 నుంచి 22. రెండు మూడు రోజులు వరుసగా 30 దాటితే ఫోను చేయమన్నారు, ఊపిరితిత్తులకు పాకితే శ్వాస వేగం పెరగవచ్చు. ఛాతీ ఎక్స్‌రే మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, మొదటిది శుభ్రంగా వచ్చింది.

బరువు: ఆపరేషన్ నాడు 17.4 కిలోలు, రెండో వారం 16.3, ఇప్పుడు 17.1. ఉడికించిన కోడిగుడ్డు, గుమ్మడికాయ కలిపిన అన్నంతో కోలుకుంది. నిన్న గేటు దాకా పరుగెత్తింది, ఆపాలనిపించలేదు.

ఈ ఆదివారం: శ్వాస 19, ఆ కొవ్వు గడ్డ తప్ప ఎనిమిది సున్నాలూ మెత్తగానే ఉన్నాయి. రెండో ఎక్స్‌రేకి ఇంకా ఎనిమిది వారాలు.