కమలాపండు ఒలిచి పెట్టొద్దు

సిడ్నీలో, ఆ మాటకొస్తే న్యూ సౌత్ వేల్స్ అంతటా, చాలా ప్రైమరీ స్కూళ్ళలో క్రంచ్ అండ్ సిప్ అని ఒకటుంటుంది. పొద్దున పాఠం నడుస్తుండగానే పిల్లలు కూర్చున్న చోటే ఒక పండో, నాలుగు కూరగాయ ముక్కలో తిని మంచినీళ్ళు తాగాలి. బిస్కెట్లు కుదరవు, జ్యూసు కుదరదు. పప్పన్నం వాసనొస్తుందేమో, పులిహోర చూసి పక్కపిల్లలు ఏమైనా అంటారేమో అని లంచ్ డబ్బా దగ్గర మనవాళ్ళు పడే టెన్షన్ ఈ చిన్న డబ్బాకి ఉండదు, పండే కదా అనుకుంటాం. నన్నడిగితే చిక్కంతా అక్కడే ఉంది. మన పిల్లలకి పండు తినడం రాదు.

ఎలా వస్తుంది? మన ఇళ్ళల్లో పండు పిల్లల చేతికి పండుగా చేరదు. దానిమ్మ అయితే గింజలు ఒలిచి గిన్నెలో స్పూను వేసి మరీ వస్తుంది, కమలా అయితే పీచు లాగేసి, గింజలు తీసేసి తొనలుగా నోటి దాకా వస్తుంది, సీతాఫలం తినేటప్పుడు గింజ ఉమ్మడానికి చెయ్యి చాపే నాయనమ్మలు కూడా ఉన్నారు. ప్రేమే, కాదనను. ఇక్కడేమో కిండర్‌గార్టెన్‌లో చేరకముందే టీచర్లు పిలిచి చెప్పారు, సెలవుల్లో డబ్బా మూత తనే తీసి తనే తినడం ఇంట్లో అలవాటు చేయించండి అని. అక్షరాలు వచ్చా, అంకెలు వచ్చా అని మాత్రం అడగలేదు. క్లాసు నిండా పిల్లలు, ఉన్నది ఒక్క టీచరు, ఎంతమందికని ఒలుస్తుంది?

మా ఇంట్లో డబ్బా సర్దేది నేనే, మా ఆవిడ చీకటితోనే డ్యూటీకి వెళ్ళిపోతుంది. వీడియో కాల్‌లో మా అమ్మ ఇది చూసి ఊరుకుంటుందా. "ఏరా, పసిపిల్లకి కమలాపండు ఒలిచి పెట్టే తీరిక కూడా లేదట్రా మీకు?" తీరిక ఉంది. ఒలిచి పెడితే తొనలు ఎండిపోతాయి, పిల్లకి ఒలవడమూ రాదు. అందుకని కాడ దగ్గర బొటనవేలి గోరు దించి తొక్క కాస్త పైకి లేపి, చిరిగిన ముక్కని మళ్ళీ అక్కడే అదిమి పెడతాను. మిగతా పని దానిది. ఏప్రిల్, మే నెలల్లో ఇంపీరియల్ రకం కమలాలు దిగుతాయి, తొక్క వదులుగా ఉండి చిన్న వేళ్ళకి కూడా లొంగుతుంది, నేర్పాలంటే అదే మంచి సీజను.

ద్రాక్ష మాత్రం మరీ చిన్నపిల్లలకి నిలువుగా కోసే పెట్టాలి, గొంతుకి అడ్డం పడుతుంది, అక్కడ స్వాతంత్ర్యం పాఠాలు పనికిరావు. యాపిల్ కోసి పెడితే నల్లబడి అలాగే ఇంటికి తిరిగొస్తుందని అందరూ వాపోతుంటారు గానీ, వంకాయ ముక్కలు దేంట్లో వేస్తాం మనం? అవే ఉప్పునీళ్ళు. ఒక గ్లాసు నీళ్ళలో చిటికెడు ఉప్పు, కాసేపు ఉంచి, మంచినీళ్ళతో ఒకసారి కడిగేస్తే మధ్యాహ్నం దాకా తెల్లగా ఉంటుంది.

మామిడిపండు గోల డబ్బా దాకా పెద్దగా రాదు. ఇక్కడ మామిడి జోరంతా క్రిస్మస్‌కి ముందూ వెనకా, బడికి ఎండాకాలం సెలవులూ అప్పుడే. అక్కడ మేలో మా అన్నయ్య పిల్లలు బంగినపల్లి రసం మోచేతుల దాకా కార్చుకుంటుంటే ఇక్కడ మాది స్వెట్టరు వేసుకుని కమలా ఒలుస్తుంటుంది. డిసెంబరులో లెక్క తారుమారు, అప్పుడిది ఫోను ముందు కూర్చుని వాళ్ళని ఊరిస్తుంది. ఇక్కడి కెన్సింగ్‌టన్ ప్రైడ్ ఘుమఘుమలాడుతుంది, నాకు నచ్చింది. ఇంకో రకం ఉంది, పేరు ఆర్2ఈ2, ఆటో వెనక నంబరులా.

ఉగాదికి మాత్రం మార్చి, ఏప్రిల్ అంటే ఇక్కడ చలికి ముందు రోజులు, పచ్చి మామిడికాయ దొరికితే అదృష్టం. చాలామంది పచ్చ యాపిల్‌తో కానిచ్చేస్తారు, గ్రానీ స్మిత్‌తో. ఆ యాపిల్ పుట్టిందే సిడ్నీలో, 1868లో ఈస్ట్‌వుడ్ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే ఆవిడ తోటలో, ఇప్పటికీ అక్టోబరులో అక్కడ దాని పేరు మీద పండగ చేస్తారు. పులుపు మరీ మామిడికాయంత కాకపోయినా కరకరకి లోటు లేదు, ఉప్పూ కారం అద్దితే ఇంకేం కావాలి.

మా చిన్నప్పుడు మా బడి గేటు ముందు గంపలో జామకాయలూ రేగుపళ్ళూ పెట్టుకుని ఒకావిడ కూర్చునేది, కాయని నాలుగు పక్షాలుగా చీల్చి మధ్యలో ఉప్పూకారం కూరి ఇచ్చేది. ఒకడి దగ్గరే డబ్బులుండేవి, తినేది మాత్రం అందరం, చొక్కా అంచు కాయ మీద కప్పి కాకెంగిలి చేసుకుంటూ. ఇక్కడ పిల్లలు డబ్బాలోది పంచుకోకూడదు, ఎవరికి దేనికి ఎలర్జీ ఉందో తెలియదు, వేరుశెనగ తగిలితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పిల్లలున్నారు, ఆ రూల్‌ని నేను తప్పుపట్టను. కానీ ఎదురుగా ఉన్న పండుని ఎవరికీ పెట్టకుండా ఒక్కతే తినడం బుద్ధిమంతురాలి లక్షణం అని నా కూతురు నేర్చుకోవడం మాత్రం మనసుకి పట్టదు.

అందుకే కారం అద్దిన యాపిల్ ముక్కలు బడికి పంపను, ఎలాగూ ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుంటుంది. మూడు గంటలకి తీసుకురావడానికి వెళ్ళేటప్పుడు పెద్ద డబ్బా నిండా పట్టుకెళ్తాను. బడి పక్క పార్కులో ఉయ్యాల దగ్గర మూత తీస్తే దాని స్నేహితులు చుట్టూ చేరతారు, వియత్నాం వాళ్ళ అబ్బాయి మనకంటే ఎక్కువ కారం అడుగుతాడు, వాళ్ళింట్లోనూ పండుకి ఉప్పూకారం మామూలేనట. కొత్తగా వచ్చిన పిల్లలైతే ముందు వెళ్ళి వాళ్ళమ్మని అడిగి రావాలి.