డిగ్రీ అయ్యాక మళ్లీ పదో తరగతి పుస్తకాలు: నా ఎడ్‌సెట్ అనుభవం

బీఏలో నావి హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. డిగ్రీ అవగానే దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పడానికి చేరాను. బీఎడ్ లేదు కాబట్టి నేను అన్‌ట్రెయిన్డ్ టీచర్‌ని, జీతమూ ఆ లెక్కనే. ఉద్యోగం మానేసి రెండేళ్లు బీఎడ్ చదువుతానంటే ఇంట్లో గొడవ. "చదివితే ప్రైమరీ టీచర్ల కోర్సు డీఎడ్ చదువు, పోస్టులు వాటికే ఎక్కువ" అన్నాడు మా బాబాయి. కొట్టిపారేసే మాట కాదది. తెలంగాణలో 2024 డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకానికి, 11,062 పోస్టులిస్తే ప్రైమరీ క్లాసులు చెప్పే ఎస్‌జీటీలే 6,508, హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 2,629. పైగా బీఎడ్ వాళ్లు ప్రైమరీ క్లాసులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా నాకు హైస్కూలు పిల్లలే కావాలి. ఎదురు ప్రశ్న వేసే వయసు వాళ్లది.

బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ సిలబస్ చూశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఏ మెథడాలజీ (బీఎడ్‌లో ఎంచుకునే బోధన సబ్జెక్టు) వాళ్లకైనా ఒకటే పేపరు. 150 ప్రశ్నలు, రెండు గంటలు. మ్యాథ్స్, సైన్స్, సోషల్ తలా 20. టీచింగ్ ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా తలా 20. జీకే, విద్యారంగ అంశాలు కలిపి 30. అంటే మూడేళ్ల బీఏ నాకు అక్కరకొచ్చేది ముఖ్యంగా ఆ సోషల్ 20 మార్కులకే, అదీ పదో తరగతి స్థాయిలో.

బిట్ బ్యాంక్ ఒకటి కొన్నాను కానీ, నా దృష్టిలో అది డబ్బు దండగ. పక్కింట్లో పదో తరగతి పిల్లాడున్నాడు. వాడి పుస్తకాలే తీసుకుని, సాయంత్రాలు వాడితోనే కూర్చునేదాన్ని. ఒకరోజు వర్గ సమీకరణాల దగ్గర, విచక్షణి (బీ స్క్వేర్ మైనస్ 4ఏసీ) రుణాత్మకమైతే వాస్తవ మూలాలు ఉండవని చదివి ముందుకు పోబోతుంటే "ఎందుకుండవక్కా?" అన్నాడు. సూత్రం నోటికొచ్చు, కారణం తెలియదు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వన్ తీసుకుని, మైనస్ రెండు నుంచి రెండు దాకా విలువలు వేశాం. 5, 2, 1, 2, 5. గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగి, ఒకటి దాకా వచ్చి, మళ్లీ పైకెళ్లిపోయింది. ఎక్స్ అక్షాన్ని తాకనే లేదు. "తాకకపోతే సున్నా ఎలా వస్తుంది మరి!" అని వాడే తేల్చేశాడు. అక్కడి నుంచి మ్యాథ్స్ మొత్తం వాడికి చెప్తూనే చదివాను. సైన్స్‌లో కటకాలు, ఓం నియమం కూడా అలాగే.

టీచింగ్ ఆప్టిట్యూడ్ తేలికనుకుంటారు గానీ కాదు. పిల్లాడు రోజూ ఆలస్యంగా వస్తే ఏం చేస్తారు? తల్లిదండ్రులకు చెప్తారా, బయట నిలబెడతారా, కారణం కనుక్కుంటారా, వదిలేస్తారా? మా స్కూల్లో అందరం చేసేది రెండోది, పేపరుకి కావాల్సింది మూడోది! విద్యాహక్కు చట్టం, కొఠారి కమిషన్, 2020 జాతీయ విద్యా విధానం నోట్సు రాసుకుంటే సరిపోయింది.

పరీక్ష సాఫీగా జరిగింది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్టూ వదల్లేదు. జనరల్ వాళ్లకు క్వాలిఫై అవడానికి 25 శాతం చాలు, కానీ సీటిచ్చేది ర్యాంకే.

అసలు తిప్పలు సర్టిఫికెట్లతో. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం మీసేవలో కొత్త ఆదాయ సర్టిఫికెట్. రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి, ముందే తెచ్చిపెట్టుకోండి. నేను చదివిన స్కూల్లో పాత రిజిస్టరు బయటికి తీయించడానికే తాతలు దిగొచ్చారు.

ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టే వెబ్ ఆప్షన్లప్పుడు ఒక కాలేజీ వాళ్లు ఫోన్ చేసి "రోజూ రానక్కర్లేదమ్మా, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అన్నారు. జాబితాలోంచి ముందు దాన్నే తీసేశాను. రోజూ క్లాసులు జరిగేవి ఏవో సీనియర్లను అడిగి, బస్సు సౌకర్యం చూసుకుని వరుసగా పెట్టాను. ర్యాంకును బట్టి సీట్లిచ్చే కన్వీనర్ కోటాలో మొదటి విడతలోనే సీటొచ్చింది. ఫీజు కట్టి, ఒరిజినల్స్‌తో వెళ్లి రిపోర్ట్ చేశాను. సెకండ్ ఇయర్‌లో 16 వారాలు స్కూల్ ఇంటర్న్‌షిప్ ఉంటుందట. మా మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో వేయించుకోవచ్చా అని ఆ రోజే అడిగొచ్చాను.