మయామీలో పసుపు తాడు

టికెట్ ఎంతకు కొన్నానో ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది. 2013 జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్, మయామీ హీట్‌తో, ఏడు మ్యాచ్‌ల్లో ముందు నాలుగు గెలిచినవాళ్లకే కప్పు. ఆదివారం రాత్రి ఐదో మ్యాచ్ మా ఊళ్లోనే గెలిచి మా శాన్ ఆంటోనియో స్పర్స్ 3-2తో ముందుకెళ్లగానే, ఇంకొక్కటి గెలిస్తే కప్పు మనదే అన్న ఊపులో కూర్చుని మంగళవారం మయామీ మ్యాచ్‌కి టికెట్ తీసేశాను. మా ఊళ్లో పెద్ద లీగుల్లో ఆడే జట్టు ఇదొక్కటే. అందుకే క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని నేను కూడా రెండేళ్లు తిరక్కుండానే 21వ నంబరు నల్ల జెర్సీ కొనుక్కున్నాను. అది టిమ్ డంకన్ నంబరు. 1999, 2003, 2005, 2007, ఇలా ఫైనల్‌కి వెళ్లిన నాలుగుసార్లూ కప్పు పట్టుకొచ్చిన జట్టు, ఇక టెన్షన్ ఎందుకు?

డాలస్‌లో వాన, విమానం మూడు గంటలు లేటు. ఇంట్లో కట్టిచ్చిన పులిహోర గేటు దగ్గరే అయిపోయింది. మయామీలో దిగి బయటికి రాగానే జూన్ ఉక్కపోత, అచ్చం మన విజయవాడే. ఒక కిటికీ కొట్టు దగ్గర క్యూబా కాఫీ తాగాను. కప్పు బొటనవేలంత ఉంది, లోపల సగం పంచదార పాకమే, కానీ ఆ ఒక్క గుక్కతో ప్రయాణ బడలిక మొత్తం దిగిపోయింది. ఊరి మధ్యలో డ్రైవరు లేని చిన్న రైలు తిరుగుతుంది, మెట్రోమూవర్ అంటారు, టికెట్ కూడా అక్కర్లేదు. ఫ్రీడమ్ టవర్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే స్టేడియం, దాని వెనకే సముద్రం.

ప్రతి సీటు మీదా తెల్ల టీషర్టు పరిచి పెట్టారు. అంత తెలుపులో నల్ల జెర్సీ వేసుకుని పైఅంతస్తులో కూర్చుంటే పెళ్లి భోజనాల్లో పిలవని చుట్టంలా ఉంటుంది పరిస్థితి. పక్క సీటు పెద్దాయన మాత్రం నవ్వి, తన పాప్‌కార్న్ నావైపు జరిపాడు.

మొదటి సగం డంకన్‌దే. 37 ఏళ్ల మనిషి, ఎగరడు, అరవడు, బంతిని బోర్డుకి తగిలించి లోపల వేసి తిరిగి పరిగెడతాడు, అంతే. హాఫ్ టైమ్‌కే 25 పాయింట్లు. నాలుగు క్వార్టర్ల ఆటలో మూడోది అయ్యేసరికి మనం 75-65తో ముందున్నాం, అప్పటికి ఆయనవి 30. ఆ 30 దగ్గరే ఆగిపోయాడని, ఆ తర్వాత ఒక్క పాయింటు కూడా రాలేదని మర్నాడు స్కోరు చూస్తే గానీ నాకు తట్టలేదు. మన టోనీ పార్కర్ 23 సార్లు వేస్తే పడ్డవి 6. అయినా చివర్లో మయామీ స్టార్ లెబ్రాన్ జేమ్స్ మీదుగా వేసిన త్రీ పాయింటర్ (దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్), వెంటనే గిర్రున తిరిగి వేసిన ఇంకో బుట్ట చూసి నేను నిలబడి అరిచాను. అక్కడి ఇరవై వేలమందిలో అలా అరిచినవాళ్లు ఏ వందమందో ఉంటారు. అటువైపు మైక్ మిల్లర్ ఒక కాలికి బూటు లేకుండానే త్రీ కొట్టాడు, లెబ్రాన్‌కి హెడ్‌బ్యాండ్ ఊడిపోయింది, ఊడిన దగ్గర్నుంచీ ఇంకో మనిషిలా ఆడాడు.

28 సెకన్లు మిగిలాయి, మనం 94-89తో ముందున్నాం. జనం లేచి వెళ్లిపోతున్నారు. పాప్‌కార్న్ పెద్దాయన కూడా నా భుజం తట్టి మెట్లు దిగాడు. కింద కోర్టు చుట్టూ సిబ్బంది పసుపు తాడు పట్టుకుని నిలబడ్డారు, కప్పు ఇచ్చేటప్పుడు జనం లోపలికి రాకుండా. మా బావ విజయవాడలో పొద్దున్నే సోనీ సిక్స్ పెట్టుకుని చూస్తున్నాడు. ఆ తాడు చూసి బావకి మెసేజ్ కొట్టాను: "కప్పు మనదే బావా."

లెబ్రాన్ త్రీ కొట్టాడు. 94-92. మన కవై లెనర్డ్‌ని ఫౌల్ చేస్తే రెండు ఫ్రీ త్రోలు, ఒక్కోదానికి ఒక పాయింటు. ఆ రోజు 22 పాయింట్లు, 11 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) తీసిన కుర్రాడు, ఇంకా 22 ఏళ్లు నిండలేదు. మొదటిది రింగుకి తగిలి బయట పడింది. రెండోది పడింది, 95-92. తర్వాత లెబ్రాన్ వేసింది తప్పింది, రీబౌండ్ వాళ్ల క్రిస్ బాష్ చేతికి, అతన్నుంచి మూలకి వెనక్కి నడుస్తున్న రే ఆలెన్‌కి. 5.2 సెకన్లుండగా 95-95. ఆ రీబౌండ్ పడ్డప్పుడు డంకన్ ఎక్కడున్నాడంటే, బెంచ్ మీద. మూడు పాయింట్ల షాట్లని ఆపడానికి చురుకైనవాళ్లు కావాలని కోచ్ పోపోవిచ్ ఆయన్ని బయటికి తీశాడు. అందరూ అదే తప్పంటారు. నేననను. అంతకుముందు మన జినోబిలి కూడా రెండిట్లో ఒక ఫ్రీ త్రో వదిలాడు, ఈ రెండిట్లో ఏ ఒక్కటి పడినా ఆలెన్ షాట్‌తో స్కోరు సమం అయ్యేది కాదు. అడ్డం వచ్చేవాడు లేకుండా, తీరిగ్గా నిలబడి వేసే బంతులు అవి.

స్కోరు సమమై ఆట పొడిగించిన ఓవర్‌టైమ్‌లో 100 దగ్గర ఆగిపోయాం. జినోబిలి బంతి పోగొట్టుకోవడం ఆ రోజు ఎనిమిదోసారి (అది ఫౌల్ అని ఇప్పటికీ వాదిస్తాను), చివరి సెకన్లో మన డానీ గ్రీన్ షాట్‌ని బాష్ చేత్తో ఆపేశాడు. 103-100. లెబ్రాన్ 32 పాయింట్లు, 10 రీబౌండ్లు, 11 అసిస్టులు (తోటివాడి బుట్టకి దారిచ్చిన పాసులు). పసుపు తాడు ఎప్పుడు చుట్టేశారో చూడలేదు.

బయటికొస్తే పాప్‌కార్న్ పెద్దాయన గేటు దగ్గరే ఉన్నాడు. తిరిగి లోపలికి రానివ్వలేదట, ఆలెన్ షాట్ సంగతి ఎవరి ఫోన్‌లోనో విన్నాడట. గెలిచిన జట్టు మనిషి, మొహం మాత్రం నాకంటే చిన్నబోయి ఉంది. ఎలా పడింది, ఎక్కణ్ణుంచి వేశాడు అని అడిగాడు. ఓడిపోయిన నేను ఫుట్‌పాత్ మీద వెనక్కి నాలుగడుగులు వేసి, మూలకి ఎలా జరిగాడో, చేతులు ఎలా లేపాడో చేసి చూపించాల్సి వచ్చింది.

గురువారం ఏడో మ్యాచ్ కూడా మయామీలోనే, 95-88తో కప్పు వాళ్లకే. దానికి వెళ్లలేదు, సెలవు లేదు, డబ్బూ లేదు. తిరుగు ప్రయాణంలో డాలస్‌లో దిగి ఫోన్ ఆన్ చేస్తే బావ జవాబు వచ్చి ఉంది.

"ఏదిరా కప్పు?"