ఉపాధ్యాయ ఎమ్మెల్సీ పోటీలో నా అనుభవం

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాను. నన్ను ఇటు నడిపించింది సీపీఎస్, అంటే ఉద్యోగి జీతంలోంచి వాటా కోసే కంట్రిబ్యూటరీ పింఛను పథకం. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరిన మా సహోపాధ్యాయులకు నాకొచ్చే పింఛను రాదు. ఒకే స్టాఫ్‌రూములో కూర్చుని అవే పాఠాలు చెప్పినవాళ్లం. ఈ తేడా నాకు మింగుడుపడలేదు.

నామినేషన్‌ పెద్ద కష్టం కాలేదు. 30 ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. 10,000 రూపాయల డిపాజిట్, అఫిడవిట్, ప్రతిపాదిస్తూ పదిమంది ఓటర్ల సంతకాలు కావాలి. అంతే.

అసలు శ్రమ ఓటరు జాబితా దగ్గర. ఈ జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది. పోయినసారి ఓటు వేసినవారు కూడా మళ్లీ ఫారం 19 ఇవ్వాల్సిందే. గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని సంస్థలో బోధించి ఉండాలి. అంటే ప్రాథమిక పాఠశాలల్లోని ఎస్జీటీలకు (సెకండరీ గ్రేడ్ టీచర్లకు) ఈ ఓటు లేదు. ఒక బడిలో నా కరపత్రం అందుకున్న ఒక టీచరమ్మ, ‘మాకు ఓటే లేదు కదా మాస్టారూ, మా దగ్గరికి ఎందుకొచ్చారు?’ అని అడిగారు. ఓటు కోసం కాదమ్మా, మీ సమస్యలు రాసుకుందామని వచ్చానన్నాను. ఆవిడ కుర్చీ వేసి, ఐదు తరగతులూ ఒక్కరే నడపడం ఎలా ఉంటుందో చెప్పారు. ఆ ప్రచారమంతటిలో నాకు బాగా గుర్తున్న మాటలవి.

ఓటు వేసే తీరు కూడా విడమరిచి చెప్పాల్సి వచ్చింది. అధికారులిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే 1, 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సంతకం చేసినా చెల్లదు. రెండో ప్రాధాన్యం రాస్తే మొదటివారికి నష్టమన్న ప్రచారం గట్టిగా ఉంది. అది తప్పు. మొదటి అభ్యర్థి పోటీలోంచి తొలగిపోయాకే రెండో అంకెను చూస్తారు. అది లేకపోతే ఆ ఓటు అక్కడితో ఆగిపోతుంది.

లెక్కింపులో ఇది కళ్లారా చూశాను. చెల్లిన ఓట్లలో సగానికన్నా కనీసం ఒకటి ఎక్కువ రావాలి. మొదటి ప్రాధాన్యంతో ఎవరికీ రాలేదు. అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ, వారి ఓట్లను మిగిలినవారికి రాత్రంతా పంచారు. చెల్లని ఓట్లలో ఒక కాగితంపై నా పేరు ఎదుట, జవాబుపత్రం దిద్దినట్లు చక్కటి టిక్కు ఉంది. తెల్లవారుజామున నా వంతు వచ్చింది. నా కట్టలు విప్పితే చాలా కాగితాలపై 2 అంకె కనిపించింది. ఓడినా, నాకు ఓటేసినవారి మాట చివరి లెక్కదాకా వెళ్లిందన్న సంతోషం కలిగింది.

గెలిచిన అభ్యర్థిని అభినందించి, సీపీఎస్‌పై నేను తయారుచేసిన వినతిపత్రం చేతికిచ్చాను. ఎస్జీటీల ఓటు మాత్రం ఆయన ఒక్కరితో తేలేది కాదు. ఆ హద్దు రాజ్యాంగం 171వ అధికరణంలోనే ఉంది, పార్లమెంటే సవరించాలి. అందుకే ఇప్పుడు ఎంపీల వెంట తిరుగుతున్నాను.