కంటికి కనబడినంతసేపే గ్రహణం

చంద్రగ్రహణం వస్తోందంటే చాలు, వారం ముందు నుంచే టీవీల్లో ఏ రాశికి ఎంత చెడో చెప్పడం మొదలవుతుంది, అది విని ఇంట్లో పెద్దవాళ్ళకి టెన్షన్. పాత ధర్మశాస్త్రాలు తిరగేస్తే మాత్రం అక్కడ చాలా సాదా ప్రశ్న ఒకటి కనిపిస్తుంది: నువ్వున్న చోట అది కనబడుతుందా?

జాబాలి అనే ఋషి పేరుతో నిబంధ గ్రంథాలు, అంటే పాత ధర్మశాస్త్ర వాక్యాలని ఏర్చికూర్చిన పుస్తకాలు, చెప్పే సగం శ్లోకం ఒకటి ఉంది. "చంద్రసూర్యోపరాగే తు యావద్దర్శనగోచరః". గ్రహణంలో పుణ్యకాలం కంటికి అందినంతసేపే అని. అలాంటి పుస్తకమే అయిన ధర్మసింధువు దీన్ని ఇంకా విడమరిచి చెబుతుంది. గ్రహణం విడవకుండానే చంద్రుడు అస్తమిస్తే, ఆ తర్వాత వేరే ద్వీపంలో గ్రహణం ఇంకా నడుస్తున్నా సరే, ఇక్కడ పుణ్యకాలం అయిపోయినట్టే. మరి మబ్బు పడితే? అప్పుడు లెక్క ప్రకారం స్పర్శ, మోక్ష కాలాలు, అంటే పట్టు, విడుపు సమయాలు తెలుసుకుని స్నానం, దానం చెయ్యమంది. అంటే మబ్బు అడ్డొచ్చినా పరవాలేదు, చంద్రుడు మాత్రం మన ఆకాశంలో ఉండాలి. అమెరికాలో ఉన్న పిల్లలకి ఫోన్ చేసి "ఇవాళ అన్నం తినకండి" అనే అమ్మానాన్నలు ఈ మాట ఒక్కసారి చదివితే బాగుణ్ణు. 2025 సెప్టెంబర్ 7 గ్రహణం మనకి మొదటి నుంచి చివరిదాకా కనబడింది, అమెరికా వాళ్ళకి అది పట్టపగలు.

ఆ భాద్రపద పౌర్ణమి రాత్రినే తీసుకోండి. మన టైమ్ ప్రకారం 9:57కి పట్టు, 11 గంటల నుంచి 12:22 దాకా సంపూర్ణం, 1:26కి విడుపు. శ్రీకాళహస్తిలో నిలబడి చూసేవాళ్ళకి ఆ సంపూర్ణ గ్రహణ సమయంలో చంద్రుడు దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణానికి వాలి ఉంటాడు. కొండ మీద ఉన్నా, సువర్ణముఖి ఒడ్డున ఉన్నా, మెడ బాగా వెనక్కి వంచాల్సిందే.

ఆ ఊరి పేరు ఎందుకు ఎత్తానో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. గ్రహణానికి దాదాపు గుళ్ళన్నీ మూసేస్తారు, తిరుమల కూడా. కాళహస్తికి నలభై కిలోమీటర్లు కూడా లేని తిరుపతి నుంచి చూసినా అదే చంద్రుడు, అదే నీడ, కానీ కాళహస్తిలో మాత్రం తలుపులు తెరిచే ఉంటాయి, గ్రహణకాలంలోనే స్వామికి అభిషేకం జరుగుతుంది. వాయులింగంగా ఉన్న స్వామికి నవగ్రహాలు, ఇరవై ఏడు నక్షత్రాలు ఉన్న కవచం వేస్తారనీ, గ్రహాలు ఆయన ఒంటి మీద నగల్లా ఉన్నప్పుడు ఇక గ్రహణ దోషం ఎక్కడిదనీ అక్కడ చెప్పుకుంటారు. తిరుమలలో తలుపు మూయడం ఆ క్షేత్రపు ఆచారం, ఇక్కడ తెరవడం ఈ క్షేత్రపు ఆచారం. ఏది గొప్ప అని వాదించుకునేవాళ్ళని చూస్తే నాకు విసుగు.

రాహుకేతు పూజలకి పేరుపడ్డ చోట రోజూ వినిపించేది నవగ్రహ స్తోత్రంలోని మాటే: "అర్ధకాయం మహావీర్యం చంద్రాదిత్యవిమర్దనం". సూర్యచంద్రుల్ని నలిపేసే రాహువుకి నమస్కారం! తిట్టి పంపేయకుండా తొమ్మిదిమందిలో ఒకడిగా కూర్చోబెట్టుకున్నారు మనవాళ్ళు. అమృతం పంచేటప్పుడు దొంగతనంగా వరసలో కూర్చున్నవాడు, తల తెగినా చావనివాడు.

ఆర్యభటుడు 499లోనే ఇంకో మాట అన్నాడు, చంద్రుణ్ణి కప్పేది "మహతీ చ భూచ్ఛాయా", పెద్దదైన భూమి నీడ అని. ఈ రెండు మాటలకీ పేచీ పెట్టాలని నాకెప్పుడూ అనిపించదు. చంద్రుడి మీద పాకే ఆ గుండ్రటి అంచు మనం నిలబడ్డ నేలదే, గుడీ, నదీ, మనమూ అందులో కలిసే ఉన్నాం. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడికి వచ్చే ఆ ఎరుపు కూడా మనదే, భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి వంగి వెళ్ళిన సూర్యకాంతి అది, ఆ క్షణంలో భూమ్మీద జరుగుతున్న ఉదయాలూ సాయంత్రాలూ అన్నీ కలిసి చంద్రుడి మీద పడుతున్నాయన్నమాట. ఇంత ఉండగా కిటికీలు వేసుకుని లోపల కూర్చోవడం ఏమిటో! పట్టు స్నానం చేసి, తడిబట్టతోనే డాబా ఎక్కి, చంద్రుణ్ణి చూస్తూ జపం చేసుకుంటే "దర్శనగోచరః" అన్నదానికి సరిపోతుంది. చంద్రగ్రహణానికి కళ్ళద్దాలు, ఫిల్టర్లు ఏవీ అక్కర్లేదు, సూర్యగ్రహణంతో కలిపి భయపడొద్దు.

2026 మార్చి 3, ఫాల్గుణ పౌర్ణమి లెక్క వేరు. మధ్యాహ్నం 3:20కే పట్టు, 6:47కి విడుపు, కాళహస్తిలో చంద్రోదయం 6:20 ప్రాంతంలో. దీన్నే గ్రస్తోదయం అంటారు, చంద్రుడు గ్రహణంతోనే ఉదయించడం. సంపూర్ణ దశంతా తూర్పు దిగంతం కిందే అయిపోతుంది, మనకి మిగిలేది అరగంట లోపే.

తీరిగ్గా చూడాలంటే 2028 డిసెంబర్ 31. రాత్రి 8:37కి పట్టు, 10:22కి మధ్యకాలం, 12:06కి మోక్షం. చంద్రగ్రహణానికి మూడు జాముల (సుమారు తొమ్మిది గంటల) ముందు నుంచే భోజనం మానాలి కాబట్టి, నియమం పాటించేవాళ్ళకి ఆ రోజు మధ్యాహ్నంలోపే తిండి ముగించాలి, పిల్లలకీ ముసలివాళ్ళకీ జబ్బుగా ఉన్నవాళ్ళకీ సడలింపు ఎలాగూ ఉంది. న్యూ ఇయర్ కేకు కోసేవాళ్ళు ఆరేడు నిమిషాలు ఆగి, విడుపు స్నానం చేసి కోసుకోవచ్చు.