పాత కారు తనిఖీ: ఎడమ వెనక అంచు లెక్క ఇంకా తేలలేదు

ఎడమ వెనక చక్రం మీదుండే రేకు అంచు ఈసారి కూడా లొంగలేదు. మా బావ కొనాలనుకుంటున్న పాత కారు మొత్తం చూసేశాను, మిగిలింది ఆ జానెడు జాగా ఒక్కటే. బావకి "తీసుకో" అనీ చెప్పలేకపోతున్నాను, "వద్దు" అనీ చెప్పలేకపోతున్నాను.

మిగతావన్నీ బాగున్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాను, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, పొగ లేదు. బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14.2. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో ఎర్రర్ కోడ్‌లు లేవు. కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం వేల కిలోమీటర్లలో ఉంది కాబట్టి బేరానికి ముందు ఎవరూ చెరిపేయలేదు. అన్నట్టు, ఈ పనికి వెర్షన్ 1.5 అని రాసి అమ్మే చౌక ఈఎల్ఎమ్327 (స్కానర్ అడాప్టర్‌లో ఉండే చిప్) నకళ్లు కొనకండి. అసలు కంపెనీ ఆ నంబరుతో చిప్పే విడుదల చేయలేదు. ఓబీడీలింక్ అనే అడాప్టర్ ఖరీదెక్కువే, కానీ ఇంజిన్ నడుస్తున్నప్పటి అంకెలు (లైవ్ డేటా) తడబడకుండా వస్తాయి.

ఇక అసలు సంగతి. రంగు మందం కొలిచే పెయింట్ గేజ్‌లో పైకప్పు 108 నుంచి 119 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) చూపించింది. బానెట్, తలుపులు 105 నుంచి 124 మధ్య. కుడి వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం మీదుండే పక్క రేకు) 112 నుంచి 126. ఎడమది మాత్రం 184, 201, 219, 236! కంపెనీ పెయింట్ మామూలుగా 80 నుంచి 160 మధ్య ఉంటుంది. అంటే దీనిమీద రెండోసారి రంగు పడింది. పుట్టీ దట్టంగా పెడితే అంకె 500 దాటుతుంది, చాలాసార్లు వెయ్యి పైన ఉంటుంది. అదేమీ కనబడలేదు. "గోడకి గీసుకుంటే రంగు వేయించాం" అన్నారు అమ్మేవాళ్లు. ఈ అంకెలకి ఆ మాట సరిపోతుంది.

తర్వాత చక్రం పైన వంపు తిరిగే అంచు మీద పెట్టాను: 410, 465, 520. గుండె జారింది. వంపు రేకు మీద గేజ్ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి కుడివైపు సరిగ్గా అదే ఎత్తులో, అదే కోణంలో పెట్టి చూశాను. అక్కడ 158 నుంచి 172. అంటే వంపు వల్ల పెరిగేది 45 మైక్రాన్ల దాకా. ఎడమవైపు సమతలం మీద 220 అనుకుంటే అంచు మీద 265 రావాలి. పైన ఇంకో 150 నుంచి 250 ఎక్కడిది? గేజ్ తప్పేమో అని మళ్లీ సున్నా పలక మీద సరిచేసి, అంచుని గుడ్డతో తుడిచి, ఒక్కోచోట మూడేసి రీడింగ్‌లు తీశాను. అయిదారు మైక్రాన్ల తేడా తప్ప అవే అంకెలు.

నాకు తోచినవి మూడు. ఒకటి, సొట్ట లాగి సరిచేసి, పైన పల్చగా పుట్టీ రుద్ది ఉంటారు. రెండు, ప్రైమర్ రెండు మూడు పూతలు ఎక్కువ పడి ఉంటుంది. మూడోదంటేనే నా భయం: అంచు తుప్పు పడితే గీకి, పైన కప్పేసి ఉంటారు. సొట్ట సంగతైతే పర్వాలేదు, చిన్న టింకరింగ్ పనితో కారు పాడైపోదు. తుప్పు అలా కాదు. లోపలి నుంచి తింటూ వస్తుంది, పైన ఎంత అందంగా రంగు వేసినా మళ్లీ బుడగలు లేస్తాయి. ఈ రెండింటికీ గేజ్‌లో ఒకే అంకె రావచ్చు. అందుకే గేజ్ ఒక్కటే నమ్మి కారు కొనేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

సొట్టే అనడానికి ఒక ఆధారం దొరికింది. మూడు టైర్ల మీద తయారీ అంకె 3120, అంటే 2020లో 31వ వారం. ఎడమ వెనక టైరు మీద 1122. ఆ ఒక్కటే ఎందుకు మార్చారు? పంక్చరై చీలి ఉండొచ్చు, లేదా చక్రం దేనికైనా గుద్దుకుని ఉండొచ్చు. పైగా అదే వైపు వెనక తలుపుకీ ప్యానెల్‌కీ మధ్య సందు పైన 4 మి.మీ., కింద 5.5. కుడివైపు పైనా కిందా 4. తుప్పు అనడానికీ ఒకటి ఉంది. అంచు వెనక వేలు పెట్టి తడిమితే కుడివైపు నున్నగా ఉంది, ఎడమవైపు నల్లటి అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా అడుగున వేసే పూత) గరుకుగా, కొత్తగా తగిలింది.

వెనక నుంచి చూస్తే తేలిపోతుందని డిక్కీ పక్క ట్రిమ్ విప్పించి, రబ్బరు మూత తీసిన రంధ్రంలోంచి 5.5 మి.మీ. కెమెరా కేబుల్ పంపాను. సొట్ట లాగడానికి పిన్నులు అతికిస్తే రేకు వెనక చిన్న చిన్న కాలిన మచ్చలు మిగులుతాయి, వాటి కోసం. పై భాగమంతా శుభ్రంగా ఉంది. కానీ అంచుకి ఇంకా 12 సెం.మీ. దూరంలో ఉండగానే కేబుల్ వాలిపోయింది. గట్టి తీగ కట్టి తోశాను, అయినా లోపలి వీల్ రేకుకి తగిలి పక్కకి తిరిగింది. మూడు సెం.మీ. కంటే దగ్గరైతే ఫోకస్ లేదు, దానికి తోడు దీపం వెలుగు తెల్ల రంగు మీద పడి తిరిగి కొట్టడంతో బొమ్మంతా తెలుపే. చూడాల్సింది ఆ చివరి 12 సెం.మీ., అదే చూడలేకపోయాను.

డిక్కీలో స్టెప్నీ గుంట మాత్రం హాయిగా ఉంది. స్పాట్ వెల్డింగ్ గుంటలు గుండ్రంగా, ఒకే దూరంలో ఉన్నాయి, సీలెంట్ రెండువైపులా ఒకేలా ఉంది. వెనక నుంచి గట్టి దెబ్బ తగిలిన కారు కాదిది, ఆ మాట ధైర్యంగా చెప్పగలను.

ఇప్పుడు రెండు లెన్సులుండే కెమెరా తెప్పిస్తున్నాను, పక్కకి చూసే లెన్స్ ఉంటే కేబుల్ తిరిగినా అంచు కనబడాలి. బావ ఈలోగా కారుని అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తాడు. వెనక ఎడమ చక్రం టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (పక్కకి వాలి ఉండే కోణం) కుడిదానితో కలవకపోతే గుద్దుకున్న మాట నిజమే అనుకోవచ్చు. కారుని లిఫ్ట్ మీద ఉంచినప్పుడే ఆ అండర్‌కోటింగ్‌ని ఒక మూల గీకి చూపించమని అమ్మేవాళ్లని అడగమన్నాను. ఒప్పుకోకపోతే ఇంకో కారు చూద్దామని బావే అన్నాడు. ఈ గొడవ తేలాక టింకరింగ్ షాపులో పాత వీల్ ఆర్చ్ రేకు ఒకటి తెచ్చుకుని, దానిమీద ప్రైమర్ ఒక భాగం, పుట్టీ ఒక భాగం వేరువేరు మందాల్లో వేసి అంకెలు రాసుకోవాలని ఉంది. సీటు బెల్టుల లేబుళ్ల మీద ఉండే తేదీలు కారు వయసుతో కలుస్తున్నాయో లేదో కూడా వచ్చేసారి చూడాలి.